కానుగ: ఎండలు ముదిరే వేళకు చిగురించే చెట్టు



ఈనాటి వృక్షశాస్త్ర ప్రసంగానికి ఎంచుకున్న చెట్టును మీలో ప్రతి ఒక్కరూ చూసే ఉంటారు. మర్రికి, రావికి జరిగే పూజలు దీనికి జరగవు. మామిడికి ఉన్న పండు, టేకుకు ఉన్న కలప దీనికి లేవు. అయినా బస్సు కోసం నిలబడేవాళ్ళు, సైకిలు పంచర్లు వేసే మనిషి, చెరకు రసం బండి, ఎండలో తిరిగొచ్చిన ఆటో చేరేది చాలాసార్లు ఈ చెట్టు కిందికే. అదే కానుగ. సంస్కృతంలో కరంజ, నక్తమాల అంటారు. హిందీలో కరంజ్, కన్నడంలో హొంగె, తమిళంలో పుంగై, మలయాళంలో ఉంగు.

నీడనిచ్చే చెట్లు మనకు చాలా ఉన్నాయి. వాటిలో కానుగ ప్రత్యేకత ఏమిటంటే అది నీడ ఇచ్చే కాలం. ఈ ప్రసంగంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది దాని గురించే. ముందు చెట్టును గుర్తుపట్టడం నేర్చుకుందాం.

తెర మీద కనిపిస్తున్న కొమ్మను గమనించండి. ఆకులు కణుపుకు ఒక్కొక్కటిగా ఉన్నాయి కదా, ఇది ఏకాంతర పత్రవిన్యాసం. ఆకు అడుగున పత్రపీఠం కొద్దిగా ఉబ్బి ఉంది. మనం మామూలుగా ఒక ఆకు అనుకునేది నిజానికి ఒక పత్రకం మాత్రమే. ఒక్కో ఆకులో 5 నుంచి 9 పత్రకాలుంటాయి. రెండేసి ఎదురెదురుగా ఉండి, చివర ఒకటి మాత్రం ఒంటరిగా నిలుస్తుంది. సాధారణంగా ఆ చివరిదే అన్నిటికన్నా పెద్దది. దీన్ని విషమ పిచ్ఛాకార సంయుక్త పత్రం అంటాం. లేత చిగురు రాగి రంగు కలిసిన గులాబీగా ఉంటుంది, కొద్ది రోజుల్లో నిమ్మపచ్చగా మారి, ముదిరేసరికి ముదురాకుపచ్చ రంగుతో నూనె రాసినట్టు మెరుస్తుంది.

కానుగను గుర్తుపట్టడానికి పుస్తకాల్లో అంతగా కనిపించని మరో గుర్తు కూడా ఉంది. చాలా చెట్లలో ఆకుల మీద చిన్న చిన్న వేళ్ళలా పైకి లేచిన బుడిపెలుంటాయి. అవి చెట్టుకు సహజమైనవి కావు. కంటికి కనిపించనంత చిన్న నల్లి జాతి జీవి ఒకటి ఆకులో చేరినప్పుడు, దాని ప్రభావం వల్ల ఆకు కణజాలం అదుపు తప్పి పెరుగుతుంది. అలా ఏర్పడిన బుడిపె ఆ నల్లికి ఇల్లు. అసెరియా పొంగామియే అనే దాని శాస్త్రీయ నామంలోనే చెట్టు పేరుంది. ఇంకొక పురుగు ఆకు పొరల మధ్య తొలుచుకుంటూ పోయి తెల్లటి మచ్చలు మిగులుస్తుంది. బుడిపెలు, మచ్చలు, గొంగళిపురుగులు కొరికిన అంచులు చూసి చెట్టుకు జబ్బు చేసిందని కంగారుపడేవాళ్ళు ఉన్నారు. నన్నడిగితే పల్లెలోనైనా పట్నంలోనైనా అవి జీవవైవిధ్యం మిగిలి ఉందనడానికి గుర్తులు. కొన్ని సీతాకోకచిలుకల గొంగళిపురుగులు కానుగ ఆకు తినే పెరుగుతాయి.

ఇప్పుడు పువ్వు. ఇంటర్మీడియట్ విద్యార్థులు చిక్కుడు పువ్వునో బఠానీ పువ్వునో విడదీసి చూసే ఉంటారు. కానుగ పువ్వు నిర్మాణమూ అదే. ఆకు గ్రీవం నుంచి వచ్చే గుత్తిలో తెలుపు, ఊదా, గులాబీ కలిసిన చిన్న పూలుంటాయి. ఆకర్షణ పత్రాలు అయిదు. పైన పెద్దది ధ్వజం, పక్కల రెండు బాహువులు, అడుగున కలిసి పడవలా ఉండే రెండు ద్రోణులు. ఆ పడవలో కేసరాలు, అండకోశం దాగి ఉంటాయి. కేసరాలు పది. చిక్కుడులో తొమ్మిది ఒక కట్టగా, పదోది విడిగా ఉంటుందని చదువుకున్నారు. కానుగలో ఆ పదోది మొదట్లో విడిగా ఉన్నా, మధ్యకొచ్చేసరికి మిగిలిన తొమ్మిదితో కలిసిపోతుంది. బ్లేడుతో జాగ్రత్తగా చీల్చి, చేతి కటకంతో చూస్తే ఇది తెలుస్తుంది.

తేనె కోసం వచ్చిన తేనెటీగ పువ్వు మీద వాలి ద్రోణులను నొక్కగానే, లోపల బిగిసి ఉన్న కేసరాలు ఒక్కసారిగా పైకి లేచి పుప్పొడిని దాని పొట్ట మీద చిమ్ముతాయి. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు సాలమన్ రాజు, పూర్ణచంద్రరావు దీన్ని వివరంగా పరిశీలించి 2006లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రచురించారు. మన ఊరి రోడ్డు పక్కన చెట్టును ఓపికగా చూస్తే శాస్త్రం పుడుతుందనడానికి నేను విద్యార్థులకు తరచుగా చూపే ఉదాహరణ ఇది. పూసిన పూలలో కాయలయ్యేవి కొద్ది మాత్రమే. మిగిలినవి పేలాలు చల్లినట్టు నేల మీద రాలిపోతాయి. వాటిని ఊడ్చి తగలబెట్టడం కన్నా పూలకుండీల మట్టిలో కలపడం మేలు, మంచి ఎరువవుతుంది.

కాయ విషయంలో ఒక తమాషా ఉంది. ఈ కుటుంబం ముఖ్య లక్షణం ద్వివిదారక ఫలమని, అంటే ఎండాక రెండు అంచుల వెంట పగిలే కాయ అని చదువుకుంటాం. కందికాయ, మినుపకాయ అలాగే పగులుతాయి. కానుగ కాయ మాత్రం పగలదు. బొద్దుగా, చివర చిన్న ముక్కుతో, పట్టి చూస్తే చెక్కముక్కలా ఉంటుంది. లోపల ఒకటో రెండో గింజలు. పగలని కాయకు గింజల్ని దూరం చేర్చే ఉపాయం నీరు, ఎందుకంటే ఈ కాయ తేలుతుంది. కానుగ అసలు నివాసం ఏటి గట్లు, సముద్ర తీరాలు, ఆటుపోట్లు తాకే ఉప్పునేలలు. భారతదేశం మొదలుకొని ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర తీరం వరకు ఇది సహజంగా పెరుగుతుంది. ఉప్పునీ, వేళ్ళ దగ్గర నిలిచే నీటినీ, నీటి ఎద్దడినీ తట్టుకునే శక్తి దీనికి ఆ జీవితం నుంచే వచ్చింది. పట్నంలో కాలిబాట పక్కన గట్టిపడిన మట్టిలో కూడా బతకగలగడానికి ఆ తట్టుకునే గుణమే కారణం.

ఈ పగలని కాయే వర్గీకరణ శాస్త్రజ్ఞులను రెండు వందల ఏళ్ళకు పైగా తిప్పలు పెట్టింది. కేరళ మొక్కలను వర్ణిస్తూ 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడిన పన్నెండు సంపుటాల హోర్టస్ మలబారికస్ గ్రంథంలో ఈ చెట్టు పొంగమ్ అనే స్థానిక నామంతోనే ఉంది. 1753లో లినేయస్ దీన్ని సైటిసస్ పిన్నేటస్ అన్నాడు. 1803లో వెంటెనా పొంగామియా గ్లాబ్రా అని పేరు పెట్టాడు. మీ తాతగారి కాలం నాటి వృక్షశాస్త్ర పుస్తకం దొరికితే అందులో ఆ పేరే ఉంటుంది. అయితే నామకరణ నియమాల ప్రకారం మొదట పెట్టిన జాతి పదానికే ప్రాధాన్యం. అందుకే 1899లో పియరీ లినేయస్ వాడిన పదాన్ని తిరిగి తెచ్చి పొంగామియా పిన్నేటా అన్నాడు.

కథ అక్కడితో ఆగలేదు. పగలని కాయలుండే డెర్రిస్ ప్రజాతికి ఇది దగ్గరని భావించి 1972లో దీన్ని డెర్రిస్ ఇండికాగా మార్చారు. కానీ డెర్రిస్ కాయ అంచున పలుచని రెక్క ఉంటుంది, కానుగకు ఉండదు. 1984లో గీసింక్ ఈ సమూహాన్నంతా పునఃపరిశీలించి పొంగామియాను మిల్లెట్టియా ప్రజాతిలో కలిపాడు. ఆ దారిలోనే 1989లో పాణిగ్రాహి మిల్లెట్టియా పిన్నేటా అనే పేరు ఇచ్చారు. ఆ తరవాత డీఎన్‌ఏ పరిశీలనలు వచ్చి, మిల్లెట్టియా అని మనం పిలుస్తున్న గుంపు ఒకే పూర్వీకుడి సంతానం కాదని, వేర్వేరు శాఖలను ఒకచోట చేర్చిన మూట అని చూపించాయి. ఈనాడు లండన్ క్యూ ఉద్యానం వారి ప్రపంచ వృక్ష జాబితా పొంగామియా పిన్నేటా అనే పేరునే స్వీకరిస్తోంది. పరీక్షలో ఏది రాయాలని మీరు అడుగుతారని తెలుసు. మీ పాఠ్యపుస్తకంలో ఉన్నది రాయండి, మిగిలినవి పర్యాయ నామాలని తెలుసుకోండి. వేరొక దేశపు పరిశోధన పత్రం వెతికేటప్పుడు ఈ మూడు పేర్లూ తెలియకపోతే కానుగ గురించి తెలిసిన విషయాల్లో సగానికి పైగా మీకు దొరకవు.

పై స్థాయిలు త్వరగా చెబుతాను. క్రమం ఫాబేల్స్, కుటుంబం ఫాబేసి, ఉపకుటుంబం పాపిలియొనాయిడే, తెగ మిల్లెట్టియే. బెంథామ్, హుకర్ వర్గీకరణలో లెగ్యుమినోసేకు మూడు ఉపకుటుంబాలని చదివి ఉంటారు. 2017లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం వాటిని ఆరుగా పునర్విభజించింది. తుమ్మ, తురాయి ఆ మార్పులో ఒకే ఉపకుటుంబంలోకి చేరాయి. కానుగ మాత్రం ఉన్నచోటే ఉంది. ఫాబేసిలో చాలా మొక్కల మాదిరే దీని వేళ్ళ మీద బుడిపెలుంటాయి, వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తాయి.

ఇక నీడ సంగతి. మన ప్రాంతపు చెట్లను మాఘం నుంచి జ్యేష్ఠం వరకు వరసగా గమనించండి. టేకు ఆకు రాల్చి తొలకరి దాకా మోడుగా నిలబడుతుంది. బూరుగ ఆకుల్లేని కొమ్మలతోనే పూసి కాస్తుంది. తురాయి మే నెలలో ఎర్రటి పూలతో కళ్ళకు విందు చేస్తుంది కానీ, చాలాచోట్ల అప్పటికింకా దాని కింద నిలబడితే ఎండ నెత్తిన పడుతూనే ఉంటుంది. కానుగ అలా కాదు. చలి తగ్గేవేళకు ఆకు రాలుస్తుంది, కొద్ది రోజులు బోసిగా కనిపిస్తుంది, ఉగాది చుట్టుపక్కల ఒక్కసారిగా చిగురిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వడగాడ్పులు వీచే వేళకు కొత్త ఆకులతో గుబురుగా నిండి ఉంటుంది. ఎండాకాలానికి గొడుగు కొన్నట్టు!

వాన లేని రోజుల్లో ఇంత ఆకు వేయడానికి నీరెక్కడిది? కానుగకు లోతుకు పోయే తల్లివేరు ఉంది, పక్కలకు విస్తరించే వేళ్ళూ ఉన్నాయి. ఆకు రాల్చినప్పుడు నీటి ఖర్చు తగ్గి కాండం కణజాలాల్లో నీరు తిరిగి నిండుతుంది. పగటి పొడవు పెరగడమే చిగురు వేయడానికి సంకేతమని కొన్ని ఉష్ణమండల వృక్షాల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. వానకు ముందే ఆకు సిద్ధంగా ఉంటే తొలకరి పడిన రోజు నుంచే చెట్టు పూర్తి స్థాయిలో ఆహారం తయారు చేసుకోవచ్చు. మనకు నీడ కావాలని అది చిగురించడం లేదు. దాని అవసరమూ మన అవసరమూ ఒకే నెలలో పడ్డాయి.

రేకుల షెడ్డు కిందా నీడే, కానుగ కిందా నీడే. మరి తేడా ఎందుకు? రేకు ఎండకు కాలిపోయి, ఆ వేడిని పరారుణ వికిరణంగా మన తల మీదికి వదులుతుంది. ఆకు అంతగా కాలదు. దాని పత్రరంధ్రాల నుంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకెలరీల వేడి కావాలి. అదే లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడిచేయడానికి 70 కిలోకెలరీలు చాలు. ఆకు ఎంత వేడిని ఎంత తేలికగా ఖర్చు చేస్తోందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. చెట్టు కింద గాలి ఉష్ణోగ్రత చూస్తే బయటికన్నా కొద్ది డిగ్రీలే తక్కువ ఉంటుంది. మనకు కలిగే హాయిలో ఎక్కువ భాగం, పైనుంచీ కిందినుంచీ మన ఒంటికి తగిలే వికిరణం తగ్గడం వల్ల వచ్చేది. మధ్యాహ్నం చెట్టు నీడలోని నేలను, రెండడుగుల అవతల ఎండలోని నేలను అరచేత్తో తాకి చూస్తే సూత్రం అక్కర్లేదు.

ఉపయోగాల గురించి పరీక్షల్లో పెద్ద జాబితా రాస్తుంటారు, నేను కొన్నే చెబుతాను. గింజలో బరువులో సుమారు మూడో వంతు నూనె ఉంటుంది. కరంజిన్, పొంగమాల్ అనే పదార్థాల వల్ల చేదు, ఒక రకమైన వాసన. అందుకే వంటకు పనికిరాలేదు. దీపాలకు, సబ్బులకు, తోళ్ళ శుద్ధికి, చర్మరోగాల మందులకు వాడారు. విన్నాం కదా అని మీరు స్వయంగా వైద్యం చేసుకోవద్దు, గింజ కడుపులోకి పోతే హాని. నూనె తీయగా మిగిలిన పిండిలో సుమారు 4 శాతం నత్రజని ఉంటుంది, అది మంచి ఎరువు. పైగా కరంజిన్‌కు మరో గుణం ఉంది. నేలలో అమ్మోనియంను నైట్రేటుగా మార్చే బాక్టీరియాను అది నెమ్మదింపజేస్తుంది. నైట్రేటు నీటితో కొట్టుకుపోతుంది కనుక, ఆ మార్పు ఆలస్యమైతే ఎరువు పైరుకు ఎక్కువ రోజులు అందుతుంది. రైతులు దమ్ము చేసే మడిలో కానుగ రొట్ట తొక్కించడం పచ్చిరొట్ట ఎరువు కోసం. ఎండాకులు ధాన్యం మధ్య వేయడం పురుగు రాకుండా. పుల్ల పళ్ళు తోముకోవడానికి. కలప గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పురుగు త్వరగా పడుతుంది, వంటచెరకుగా బాగుంటుంది.

ఇటీవలి చరిత్ర కొంచెం వివరంగా చెప్పాలి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఉడుపి శ్రీనివాస బృందం కానుగ నూనెతో డీజిల్ ఇంజన్లు నడిపి, కర్ణాటక పల్లెల్లో నీటి పంపులకు, విద్యుత్తుకు దాన్ని వాడి చూపించింది. 2003లో అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెం మహిళలు, డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడడం వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడుకు ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. మొత్తం చిన్నదే, కానీ ఒక మారుమూల గూడెం చెట్లకు ఆ లెక్క కట్టడం అప్పట్లో పెద్ద వార్త.

అదే కాలంలో దేశమంతటా జీవ ఇంధన ఉత్సాహం పెరిగింది. అడవి ఆముదం మీద ఎక్కువ, కానుగ మీద తరవాత ఆశలు పెట్టుకున్నారు. 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం కలపాలని 2009 జాతీయ విధానం లక్ష్యంగా పెట్టింది. అది నెరవేరలేదు. 2018 విధానం 2030 నాటికి 5 శాతం అని మార్చుకుంది. ఏం జరిగింది? కానుగ పరపరాగ సంపర్కం మీద ఆధారపడే చెట్టు, కనుక గింజతో పెంచితే ఏ రెండు మొక్కలూ ఒకేలా ఉండవు. ఒకటి విరగకాస్తుంది, పక్కది గుప్పెడు కాయలిస్తుంది. కాపు రావడానికి నాలుగైదు ఏళ్ళకు పైనే పడుతుంది. కాయ ఏరి, ఒలిచి, గింజ తీయడం అంతా చేతిపని. ఒక మంచి చెట్టు దిగుబడిని ఎకరాకు పట్టే చెట్ల సంఖ్యతో గుణించి కాగితం మీద వేసిన అంచనాలు చేలో నిలవలేదు. నా ఉద్దేశంలో లోపం చెట్టుది కాదు, ఆ గుణకారానిది. మామిడిలో రకాలను ఎంచి అంటుకట్టడానికి మన పెద్దలు వందల ఏళ్ళు తీసుకున్నారు. కానుగలో ఆ ఎంపిక ఇప్పుడిప్పుడే సాగుతోంది. మేలైన చెట్ల నుంచి అంట్లు కట్టి నాటిన తోటలు అమెరికాలోని ఫ్లోరిడాలో, ఆస్ట్రేలియాలో కూడా ఉన్నాయి.

ఇంధనం మాట ఎలా తేలినా నీడ మాట తేలిపోయింది. 2015లో మొదలైన తెలంగాణ హరితహారంతో సహా అనేక పథకాల్లో కానుగ నాటారు. కానీ నాటిన చోటు చూడాలి. పదిహేను మీటర్ల వరకు పెరగగల చెట్టును విద్యుత్ తీగల సరిగ్గా కింద నాటితే ఏటా కొమ్మలు నరకక తప్పదు. ఆ నరకడం మార్చి, ఏప్రిల్ నెలల్లో జరిగితే, అప్పుడే వేసిన చిగురంతా పోయి ఏడాదిలో నీడ అవసరమైన ఒక్క కాలంలోనే చెట్టు మోడవుతుంది. కొమ్మలు కొట్టక తప్పనిచోట వానల తరవాత కొట్టడం నయం. మొదలు చుట్టూ సిమెంటు బిగించకుండా కనీసం ఒక మీటరు మట్టి వదలాలి.

మొక్క పెంచడం తేలిక. చెట్టు మీద ముదిరి గోధుమరంగుకు తిరిగిన కాయలు ఏరి, సుత్తితో మెల్లగా కొట్టి గింజ తీయండి. ఏడాది దాటిన గింజ సాధారణంగా మొలవదు కనుక ఆ సంవత్సరానివే వాడండి. ఏ శుద్ధీ అవసరం లేదు. రెండు వారాలకు కాస్త అటూ ఇటూగా మొలుస్తుంది, బీజదళాలు మట్టిలోనే ఉండిపోతాయి.

చివరగా మీకు ఒక పని. మీ కళాశాల ఆవరణలో ఒక కానుగను ఎంచుకుని, ప్రతి వారం ఒకే రోజున చూసి, రాలిన ఆకు, చిగురు, ముదురాకు, మొగ్గ, పువ్వు, పచ్చికాయ, ఎండుకాయ అనే ఏడు గడుల్లో లేదు, కొద్దిగా, నిండుగా అని రాయండి. ఏడాదికి 52 వరుసలవుతాయి. దేశవ్యాప్తంగా విద్యార్థులు ఇలాంటి లెక్కలను సీజన్‌వాచ్ అనే కార్యక్రమానికి పంపుతున్నారు, మీరూ పంపవచ్చు. వరసగా అయిదారేళ్ళ పట్టికలు పక్కపక్కన పెడితే మీ ఊళ్ళో కానుగ చిగురించే వారం స్థిరంగా ఉందా, ముందుకు జరుగుతోందా, వెనక్కి పోతోందా అన్నది బయటపడుతుంది. మొదటి వరుస వచ్చే జనవరిలో, ఆకు రాలడం మొదలుకాకముందే రాయండి.